అమ్మమ్మ మీద చిన్న పుస్తకం వేస్తున్నాం, ఎలా రాయాలి?

ప్రశ్న: మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గరే పెరిగాను. ఆమె పోయిన శ్రావణంలో చనిపోయింది. ఇంకో రెండు నెలల్లో సంవత్సరీకం. ఆ రోజు భోజనాలకు వచ్చినవాళ్లకు స్టీలు డబ్బాలు పంచే బదులు అమ్మమ్మ జీవితం మీద చిన్న పుస్తకం వేసి ఇద్దామని పెద్ద మామయ్య అన్నాడు. రాసే పని నాకప్పగించాడు. ఎప్పుడు కూర్చున్నా ‘ప్రేమకు ప్రతిరూపం, త్యాగమూర్తి’ అనే వస్తోంది. చదువుకుంటే అది మా అమ్మమ్మలా లేదు. ఆమెకు నోరు పెద్దది, ఎవరినీ లెక్కచేసేది కాదు. చదువు రాకపోయినా గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పాల లెక్క రాసుకునేది. నేను ఫోన్ ఎత్తకపోతే ‘ఫోనెత్తవేం, చేతులు పడిపోయాయా’ అని వాయిస్ మెసేజ్ పెట్టేది.

ఆమె ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. ఆధార్‌లో 1948 జనవరి 1 అని ఉంది. పెద్ద మామయ్య పదో తరగతి సర్టిఫికెట్‌లో 1960 ఉంది. ఈ లెక్కన ఆయన పుట్టేసరికి ఆమెకు పన్నెండేళ్లు! ‘నేను చిత్రభానులో పుట్టా, నా పెళ్లయిన ఏడే నయాపైసలొచ్చాయి’ అనేదట. అమ్మని అడుగుదామంటే ఏడుపు తప్ప మాట రావడం లేదు. అమ్మమ్మ ఫోన్ అమ్మ దగ్గరే ఉంది, ఇంకా రీఛార్జ్ చేయిస్తోంది. దండగని నాన్న విసుక్కుంటున్నాడు. అమ్మ వాళ్లు నలుగురే. అమ్మమ్మ మాత్రం ఎవరడిగినా ‘నాకు ఐదుగురు’ అనేది. మొదటి పిల్ల పురిట్లోనే పోయిందట.

ఇంకోటి. వాళ్ల నాన్న చిన్నమ్మమ్మకు పసుపు కుంకుమ కింద ఎకరం పొలం ఇచ్చాడు, అమ్మమ్మకు ఇవ్వలేదు. దాని మీద అక్కాచెల్లెళ్లకు చాలా ఏళ్లు మాటల్లేవు. అమ్మమ్మ చనిపోయిన రోజు చిన్నమ్మమ్మ వచ్చి తల దగ్గర కూర్చుంది. పెద్దకర్మకు మాత్రం రాలేదు. ఇదంతా రాయొచ్చా? పాత సంగతులు తవ్వొద్దని మామయ్య అంటున్నాడు.
– ఒక మనవరాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ చిత్తుప్రతులన్నీ పక్కన పెట్టి, నాకు రాసిన ఉత్తరం ఇంకోసారి చదవండి. బొగ్గు గీతలు, ‘చేతులు పడిపోయాయా’ అన్న దబాయింపు, ఐదుగురన్న లెక్క. నేనెన్నడూ చూడని మీ అమ్మమ్మ నాకు ఇక్కడ కనబడింది. పుస్తకం అనుకోగానే మీ చెయ్యి బిగుసుకుపోతోంది, అంతే. నాకు రాసినట్టే రాయండి.

పత్రికలో పనిచేసిన రోజుల్లో శ్రద్ధాంజలి ప్రకటనల ప్రూఫులు చూసే పని కొన్నాళ్లు నా మీద పడింది. పేరూ ఫోటో మారిస్తే ఎవరిది ఎవరికైనా సరిపోయేది. ‘మీరు లేని లోటు తీరనిది’, ‘మీ ఆశయ సాధనలో’. ఏ ఆశయమో ఎవరూ రాసేవాళ్లు కాదు. వాళ్లని తప్పుపట్టను. దుఃఖంలో ఉన్నప్పుడు చేతికందిన మాటే వాడతాం, ఆ రెండంగుళాల చోటుకు అది చాలు కూడా. పదహారు పేజీలు అలా నింపితే మాత్రం మీ అమ్మమ్మ బదులు ఊరందరి అమ్మమ్మలూ కలిసిన ఒక బొమ్మ తయారవుతుంది. ఆమెను ఎరిగినవాళ్లు మర్యాదకు రెండు పేజీలు తిప్పి సంచిలో వేసుకుంటారు.

అందుకని ‘ఎంతో ప్రేమగా చూసుకునేది’ అని రాయబోతే అక్కడే ఆగి, ఏం చేసింది అని మిమ్మల్ని మీరే అడగండి. జ్వరమొస్తే ఏం పెట్టేది? మీరు సెలవులకు వెళ్తున్నారంటే ముందురోజు ఏం వండి ఉంచేది? బస్సు దిగేచోటికి వచ్చేదా, ఇంటి దగ్గరే కూర్చుని ‘ఇప్పటికి గుర్తొచ్చానా’ అని సాధించేదా? ఆ జవాబు రాసేసి, ప్రేమ అన్న మాట కొట్టేయండి. ‘కష్టజీవి’ సంగతీ అంతే. ఎన్నింటికి లేచేది, గేదెలెన్ని, పాలు ఎవరింటికి పోసేది, సోలతోనా గిద్దెతోనా, చూడి గేదె అయితే ఏం మేపేది, ఈనిన మర్నాడు జున్నుపాలు ముందు ఎవరింటికి వెళ్లేవి. ఇవి రాస్తే కష్టం ఎంతో చదివేవాళ్లే చూసుకుంటారు.

నోరు పెద్దదన్న సంగతి దాచకండి. పల్నాడులో గొడ్లనీ పొలాన్నీ చూసుకుంటూ, పాల బాకీలు వసూలు చేసుకుని నలుగురిని పెంచిన మనిషికి నోరు లేకపోతే బతుకు నడవదు. ఆమె తిట్లలో అచ్చువేయదగ్గవి రెండు మూడు అలాగే వేయండి. మొదట నవ్వు వచ్చేది అక్కడే, ఆమె గొంతు వినిపించేదీ అక్కడే. అచ్చువేయలేనివి మీ డైరీలో రాసి పెట్టుకోండి. అవి పోగొట్టుకోవడం కూడా నాకిష్టం లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైన పని ఒకటి చెబుతాను. ఆ బొగ్గు గీతల గోడ ఇంకా ఉందా? సంవత్సరీకం ముందు ఇంటికి సున్నమో రంగో వేయిస్తారు. వేయించాక ఇక ఏమీ చేయలేం. ఈ ఆదివారమే ఊరెళ్లి ఫోటోలు తీయండి. మొత్తం గోడ ఒకటి, దగ్గరగా కొన్ని. పక్కన స్కేలో చెయ్యో పెట్టి ఒకటి తీస్తే గీత సైజు తెలుస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే పాత బొగ్గు కనబడదు. ఉదయమో సాయంత్రమో పక్కనుంచి వెలుతురు పడేటప్పుడు తీయండి. తర్వాత పాలు పోయించుకున్నవాళ్లలో ఎవరైనా ఉంటే వాళ్లని ఆ గోడ దగ్గరకు తీసుకురండి. ఏ వరస ఎవరిది, అడ్డగీత అంటే ఏమిటి, పాలు తీసుకోని రోజును ఎలా గుర్తుపెట్టేది. చదువు రాని మనిషి తనకోసం తయారుచేసుకున్న ఖాతా పుస్తకం అది. మీ పుస్తకం అట్ట మీద ఆమె ఫోటో ఎలాగూ వేస్తారు. వెనక అట్టకు నేనైతే ఆ గోడే వేస్తాను.

వాయిస్ మెసేజ్‌ల సంగతి. మీ ఫోన్లో ఉన్నవి మీ దగ్గరే ఉంటాయి, కానీ ఫోన్ పోయినా చెడినా పోతాయి. వాట్సాప్‌లో అమ్మమ్మ చాట్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియాతో సహా మీ మెయిల్‌కు పంపుకోండి. చాట్ పాతదీ పెద్దదీ అయితే అన్నీ ఒకేసారి రాకపోవచ్చు. వచ్చినవాటిని లెక్కచూసి, మిగిలిన మెసేజ్‌లను పట్టి విడిగా పంపుకోండి. తర్వాత కంప్యూటర్లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, రెండూ వేర్వేరు ఇళ్లలో. ఫైలు పేర్లు అంకెలూ అక్షరాలుగా ఉంటాయి కాబట్టి ‘ఫోనెత్తవేం’, ‘ఉసిరికాయలు పంపా’ అని మీరే పేర్లు పెట్టండి. పదేళ్ల తర్వాత వెతుక్కునేది ఆ పేర్లతోనే.

మీ అమ్మగారు రీఛార్జ్ చేయిస్తుంటే చేయించనివ్వండి. నాన్నగారికి నా మాటగా చెప్పండి, అది దండగ కాదు. 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపేయొచ్చు, కొన్నాళ్లకు అదే నంబరు ఇంకెవరికో వెళుతుంది. 120 రోజులు వాడకుండా ఉన్న ఖాతాను వాట్సాప్ తీసేస్తుంది. ఆ ఫోన్లో ఉన్న ఫోటోలు, వీడియోలు, ఆమె ఇతరులకు పంపిన మెసేజ్‌లు అన్నీ దించుకుని, బ్యాంకుకు ఆ నంబరే ఇచ్చి ఉంటే ఆ పనులు పూర్తిచేసుకున్న తర్వాత ఆపాలా వద్దా అన్నది మీ అమ్మగారి ఇష్టం. తోచినప్పుడు ఆ నంబరుకు రింగ్ ఇచ్చి చూసుకునే కూతుళ్లు నాకు తెలుసు. అందులో పిచ్చేమీ లేదు.

అమ్మగారిని ఎదురుగా కూర్చోబెట్టి ‘అమ్మమ్మ గురించి చెప్పు’ అంటే ఏడుపు కాక ఇంకేం వస్తుంది? అంత పెద్ద ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. వంటింట్లో చేతికి పని ఉన్నప్పుడు చిన్న ప్రశ్న వేయండి. ‘అమ్మమ్మ గోంగూర పచ్చట్లో పచ్చిమిరపకాయలు వేసేదా, ఎండువా?’ అని. ‘ఎండువే, అదీ కాయ మీద కాయ చూసి ఏరేది’ అంటారు. అక్కడినుంచి మిరప కల్లానికి వెళ్తారు, కల్లం నుంచి ఆ ఏటి ధరకు, ధర నుంచి ఎవరి పెళ్లికో వెళ్తారు. మీరు దారి మళ్లించకండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టాలనుకుంటే చెప్పి పెట్టండి, దొంగచాటుగా వద్దు. ఏడిస్తే కాసేపు ఏడవనివ్వండి. కన్నీళ్లు వచ్చాయని ప్రశ్న వెనక్కి తీసుకోకండి, నీళ్లిచ్చి పక్కన కూర్చోండి. ఆవిడ తనంతట తానే మళ్లీ మొదలుపెడతారు.

ఇంట్లోవాళ్లతోనే ఆపేయకండి. పిల్లలకు అమ్మగానే తెలుస్తుంది, మనవలకు అమ్మమ్మగానే. ఆమె నాట్లకూ కలుపులకూ వెళ్లిన రోజుల్లో పక్క సాలులో ఉన్నవాళ్లు, పాలు పోయించుకున్నవాళ్లు, ఆమెతో తగువు పెట్టుకున్న పక్కింటావిడ – వీళ్లకు తెలిసిన మనిషి వేరు. అప్పుడు ఆమెకు పాతికేళ్లు, పాటలు పాడేదేమో, పందెం కట్టి ఎవరిని ఏడిపించిందో. ఈ తరం మిగిలింది కొద్దిమందే. ముందు వాళ్ల దగ్గరకు వెళ్లి, మామయ్యల దగ్గరకు తర్వాత వెళ్లండి.

ఇక పుట్టిన సంవత్సరం. ఆధార్‌లో తేదీ చూసి కంగారుపడకండి. కాగితం ఏదీ లేనివాళ్లు వయసు నోటితో చెబితే ఆ లెక్కన సంవత్సరం వేసి, తేదీ జనవరి 1 అని పెట్టేస్తారు. మన పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్లలో చాలామంది పుట్టినరోజు జనవరి 1 కావడానికి అదే కారణం. మామయ్య సర్టిఫికెట్ కూడా మరీ గట్టిదేమీ కాదు. ఆ రోజుల్లో బడిలో వేసేటప్పుడు పంతులుగారికి తోచిన తేదీ పడేది. ఆమె నోటి మాటే వీటన్నిటికన్నా గట్టిది. చిత్రభాను అంటే తెలుగు సంవత్సరం పేరు. అరవై పేర్లు వరసగా తిరుగుతాయి కాబట్టి ఆ పేరు మళ్లీ 2002లో వచ్చింది. ఆమెది అంతకు ముందుది, 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు, ఆ రోజు నుంచి వంద నయాపైసలు. 1964లో ‘నయా’ పోయి ఉత్త పైసలు మిగిలాయి. అంటే ఆమెకు పద్నాలుగు పదిహేనేళ్లకు పెళ్లి. ఆ తర్వాత మొదటి కాన్పు, ఆ తర్వాత 1960లో పెద్ద మామయ్య. ఒకదానికొకటి ఎంత చక్కగా అతుక్కున్నాయో చూడండి. ‘1942–43 ప్రాంతంలో, చిత్రభాను సంవత్సరంలో పుట్టింది’ అని ధైర్యంగా వేయండి. లేని తేదీని మాత్రం కల్పించొద్దు.

మిగతా జీవితానికీ ఇదే పద్ధతి. పెద్దవాళ్లను ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే గుర్తులేదంటారు. ‘ఉప్పెనకు ముందా, తర్వాతా?’ అంటే ఠక్కున చెబుతారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని, చచ్చేలోపు తినేద్దామని ఊళ్లలో కోళ్లు కోసుకున్నది 1979 జులై. అది జులై 11న ఎక్కడో ఆస్ట్రేలియా వైపు పడింది, మన కోళ్లే దండగ. పట్టపగలు చీకటిపడిన సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. రెండు రూపాయల కిలో బియ్యం 1983. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. మీకు అమరావతి దగ్గరే కాబట్టి ఏ పుష్కరానికి ఎవరితో వెళ్లిందో, ఎవరు చంకలో పిల్లాడో చెప్పేవాళ్లు ఉంటారు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టిన ఏడు కూడా ఊళ్లో లెక్క ఉంటుంది. ఓ కాగితం మీద ఎడమవైపు ఇవన్నీ వేసుకుని, కుడివైపు ఆమె కాన్పులు, ఇల్లు కట్టడం, తాతయ్య పోవడం నింపుకుంటూ పోండి.

పల్నాడు వాళ్లకు వీటన్నిటికన్నా పెద్ద గుర్తు ఒకటుంది, సాగర్ నీళ్లు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రాతితో కట్టిన ఆ డ్యామ్ చాలామటుకు మనుషుల చేతుల మీదే లేచింది. మీ ఇంటినుంచి ఎవరైనా ఆ పనికి వెళ్లారేమో అడగండి. నీళ్లు వదిలిన రోజే ఊరూరా పారలేదు. మీ ఊరి మేజరు కాలువకు ఏ ఏడు వచ్చాయో ఊరి పెద్దల్ని కనుక్కోండి. మీ అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పుడు అవి జొన్న చేలు. వరి అన్నం పండక్కో చుట్టం వస్తేనో. పిల్లలు పెరిగేసరికి అదే నేల మాగాణి. ఆమె జీవితం నిలువునా ఇక్కడ రెండుగా మారింది. జొన్నలు దంచిన చేతులు ఎప్పుడు బియ్యం చెరగడం మొదలుపెట్టాయి, మొదటిసారి ఇంట్లో పండిన వరి అన్నం తిన్న రోజు ఆమె ఏమంది, ఇవి తెలిస్తే ఆ పేజీ చాలు. పుస్తకంలో అందరూ ఆగి చదివేది అదే అవుతుంది. ఆ మెట్ట రోజుల్ని ఎరిగినవాళ్లు ఆ రోజు భోజనాలకు వచ్చినవాళ్లలోనే ఉంటారు.

ఐదుగురి సంగతికి వస్తాను. ‘ఆమెకు నలుగురు సంతానం’ అని ఎవరో ఒకరు రాయిస్తారు, ఒప్పుకోకండి. ‘ఆమెకు ఐదుగురు పిల్లలు. మొదటి ఆడపిల్ల పురిట్లోనే పోయింది. ఎవరడిగినా ఐదుగురనే చెప్పేది’ అని రాయండి. దీని మీద ఇంక వ్యాఖ్యానం వద్దు. అరవై ఏళ్లు ఆమె తప్పకుండా చెప్పిన లెక్క అది. ఆమె పుస్తకంలో ఆమె లెక్కే ఉండాలి.

చిన్నమ్మమ్మ విషయంలో మీ మామయ్య మాటలో సగం న్యాయం ఉంది. ఎవరిది తప్పో తేల్చడానికి ఈ పుస్తకం చోటు కాదు. కానీ అక్కాచెల్లెళ్ల మధ్య అన్నేళ్లు మాటల్లేకపోవడం ఆమె జీవితంలో చిన్న ముక్కేమీ కాదు. చిన్నమ్మమ్మ పేరే లేకుండా పుస్తకం వస్తే చదివినవాళ్లందరికీ ఆ ఖాళీయే కనబడుతుంది. ముందు అసలు సంగతి మీరు అర్థం చేసుకోండి. ఆ ఎకరం ఎప్పుడు రాసిచ్చారు, నీళ్లు రాకముందా, వచ్చాకా? రాకముందైతే అది ఉత్త జొన్న చేను, ఎవరికిచ్చారన్నది పెద్ద మాట కాకపోయుండొచ్చు. కాలువ పారాక అదే ఎకరం ఒక సంసారాన్ని నిలబెట్టేది. తగువు ఏ ఏట ముదిరిందో చూడండి, బహుశా ఆ కాలువకూ దీనికీ సంబంధం బయటపడుతుంది. చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా ఇచ్చింది గానీ పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ ఆ హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ వచ్చింది 2005లో. మీ అమ్మమ్మ తరం ఆడవాళ్లకు పుట్టింటి నుంచి వచ్చే భూమి అంటే చాలావరకు తండ్రి దయ, అన్నదమ్ముల దయ. ఇద్దరు కూతుళ్లలో ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే మిగిలినామె పోగొట్టుకున్నది ఎకరమొక్కటే అని నేననుకోను. ఇచ్చింది వాళ్ల నాన్న, తిట్లు పడింది చెల్లెలికి.

రాయడానికి ముందే చిన్నమ్మమ్మ దగ్గరకు వెళ్లండి. మామయ్యతో చెప్పే వెళ్లండి, లేకపోతే ఇంకో తగువు మొదలవుతుంది. పొలం మాట మీరు ఎత్తొద్దు. ‘చిన్నప్పుడు మీరిద్దరూ ఏం ఆడుకునేవాళ్లు అమ్మమ్మా’ అని అడగండి. అమ్మమ్మ పెళ్లికాక ముందు రోజుల గురించి చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు ఆవిడ ఒక్కతే కావచ్చు. పొలం సంగతి ఆవిడే ఎత్తితే వినండి, వాదించకండి, అమ్మమ్మ తరఫున జవాబు చెప్పకండి. పుస్తకంలో వేయడానికి మూడు వాక్యాలు చాలు: పొలం దగ్గర అక్కాచెల్లెళ్లకు మాటలు పోయాయి. మళ్లీ కలవలేదు. అక్క పోయిన రోజు చెల్లెలు వచ్చి తల దగ్గర కూర్చుంది. అచ్చుకు ఇవ్వకముందు ఇవి ఆవిడకు చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి, బతికున్న మనిషి మాటే చెల్లాలి. అప్పుడు చిన్నప్పటి ఆటల దగ్గర ఆవిడ పేరు ఉంటుంది, తగువు మీ డైరీలో ఉంటుంది. ఎలా చేసినా సర్వే నంబర్లు, ఎకరాల ధరలు, ఎవరి వాటా ఎంత అన్నవి అచ్చులో పెట్టొద్దు. పంపకాలు ఇంకా కాకపోతే ఆ పేజీ పట్టుకుని రేపు ఎవరో ఒకరు పంచాయితీకి వస్తారు.

ఆవిడను సంవత్సరీకానికి పిలిచే పని మాత్రం మీది కాదు, మామయ్యది. స్వయంగా వెళ్లి పిలవమని చెప్పండి. ఫోన్లో పిలిచి ‘చెప్పాం కదా’ అనడం మన వైపు పిలుపు కిందకు రాదు.

ఫోటోల గురించి కొంచెం. గోడకున్న పాత ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, ముఖం ఊడి అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా ఫోటో తీయండి లేదా స్కాన్ చేయించండి. విడి ఫోటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించి, వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎవరెవరో రాయండి. బాల్‌పెన్ను ముందువైపుకు దిగుతుంది. లామినేషన్ అసలు వద్దు. రంగులద్దే యాప్‌లు సరదాగా చూసుకోండి గానీ అట్ట మీదకు ఎక్కించకండి. అవి ముఖాన్ని నున్నగా చేసి, ముడతలు తీసేసి, ముక్కుపుడకని చర్మంలో కలిపేస్తాయి. పాత ఓటరు కార్డుంటే దాని మీద బొమ్మ ఎంత మసకగా ఉన్నా లోపల ఒకచోట వేయండి, ఆ రోజు ఆమె ఎలా ఉందో అలా ఉంటుంది. కార్డుల నంబర్లు మాత్రం కనబడకూడదు.

పేర్ల పేజీని అన్నిటికన్నా జాగ్రత్తగా చూడండి. ఒక చిన్న కోడలి పేరు పోయిందంటే పుస్తకం సంగతి మరచి ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుంది. మన వంశవృక్షాల్లో మగపిల్లల పేర్లే కిందకు దిగుతాయి, కూతుళ్ల దగ్గర కొమ్మ ఆగిపోతుంది. మీరు కూతురి కూతురు, రాస్తున్నదీ మీరే. కూతుళ్లనూ వాళ్ల పిల్లలనూ పూర్తిగా వేయండి. అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు, వాళ్లమ్మ పేరు కనుక్కుని వేయండి. చాలా ఇళ్లలో ఆ పేరు రెండు తరాలకే పోతుంది. మీకు అది చెప్పగలిగేదీ చిన్నమ్మమ్మే. చనిపోయిన తేదీతోపాటు మాసం, పక్షం, తిథి కూడా వేయండి. సంవత్సరీకం వచ్చేది తిథికే, ఇంగ్లీషు తేదీ ఏటా జరుగుతూ ఉంటుంది. ఏటా పంతులుగారికి ఫోన్ చేసే పని తప్పుతుంది.

అచ్చు విషయం త్వరగా చెప్పేస్తాను. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున రావాలి, పదహారు సరిపోతాయి. వంద రెండొందల కాపీలకు డిజిటల్ ప్రింట్ చాలు. అక్షరం పెద్దది పెట్టించండి, చదివేవాళ్లలో సగం మందికి కళ్లజోళ్లు ఇంటి దగ్గరే ఉంటాయి. డీటీపీ షాపుల్లో చాలామంది ఇంకా అను ఫాంట్లే వాడతారు, అవి ఫోన్లోని యూనికోడ్ అక్షరాలకు వేరు. మీరు ఫోన్లో టైప్ చేసి పంపింది అందులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, సున్నాలు తారుమారవుతాయి. స్క్రీన్ మీద చూసి సరే అనకండి, కాగితం మీద ప్రూఫ్ తీయించి ఇద్దరు చదవండి. ఇదంతా కావడానికి పదిహేను రోజులైనా పడుతుంది కాబట్టి రాయడానికి మీకున్నది నెలన్నరే అనుకోండి. రాసింది తక్కువైతే పన్నెండు పేజీలకే ఆపేయండి. పేజీలు నింపడానికి దేవుడి శ్లోకాలు వేయకండి.

ఆ రోజు భోజనాలకు ముందు ఎవరైనా ఒక పేజీ చదివితే బాగుంటుంది. జొన్నన్నం పేజీ అయితే మేలు. మీ గొంతు ఆగదనుకుంటే చిన్న మామయ్య కొడుకుకో ఎవరికో ఇవ్వండి. మైకు వద్దు.

రాయడం అయ్యాక కావాలంటే నాకు పంపండి, ‘త్యాగమూర్తి’ ఎక్కడైనా మిగిలిపోయిందేమో చూసి పెడతాను. పేర్ల పేజీ మాత్రం మీ అత్తలకు చూపించండి. ఎవరి పేరు తప్పిందో వాళ్లు చెప్పినంత త్వరగా ఏ ప్రూఫ్‌రీడరూ చెప్పలేడు.